బొమ్మల హోంవర్క్‌ను పిల్లల చేతే దిద్దించాలంటే, ముందు మార్కులు పక్కన పెట్టండి

మీ ప్రశ్న ఏమిటంటే, ఏడో తరగతి పిల్లలు ఇంటి దగ్గర వేసుకొచ్చిన బొమ్మలను వాళ్ళ చేతే, పక్కవాళ్ళ చేతే దిద్దిస్తుంటే ఫ్రెండుకు పదికి పది, పడనివాడికి మూడు వేస్తున్నారు, ఇంక ఈ పద్ధతి మానేయాలా అని. మానొద్దండి. మార్కులు మాత్రం పిల్లల చేతికి ఇవ్వొద్దు.

నేను అనంతపురంలో పదకొండేళ్ళుగా డ్రాయింగ్ చెబుతున్నా. మొదటి సంవత్సరం నేనూ పుస్తకాలు మార్పించి పదికి ఇంత అని వేయమన్నా. వెనక బెంచీలో ఒక పిల్లోడు, చేయి బాగా నెమ్మది, కానీ ఎద్దు బొమ్మలో గంగడోలు మడతలు ఒక్కొక్కటి గుర్తు తెచ్చుకుని వేసినాడు. రంగు సగమే అయిందని వాడికి రెండు మార్కులు వేశారు. ఆ తర్వాత నెల రోజులు డ్రాయింగ్ బుక్ తేలేదు, ఎప్పుడడిగినా ‘ఇంట్లో మర్చిపోయినా సార్’ అనేవాడు. ఆ రెండు వేసింది పిల్లలే అయినా వేయించింది నేను. అది ఇప్పటికీ మనసులో ఉంది.

సరే, మార్కులు వద్దు, అభిప్రాయం రాయండి అంటే క్లాసంతా ఒకే మాట రాసింది, ‘శానా బాగుంది’ అని. తప్పు వాళ్ళది కాదు. ఏం చూడాలో చెప్పకపోతే ఆ వయసు పిల్లలు చూసేది రెండే, రంగు గీత దాటిందా, బొమ్మ నిజందాని మాదిరి ఉందా.

ఇది నాకు బాగా అర్థమైంది తోలుబొమ్మల హోంవర్క్ ఇచ్చినప్పుడు. ధర్మవరం దగ్గర నిమ్మలకుంట మీకు తెలిసే ఉంటుంది, 2020లో పద్మశ్రీ వచ్చిన తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావు గారి ఊరు (జిల్లాలు విడిపోయాక అది శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయింది, మాకు మాత్రం ఇప్పటికీ మన ఊరే). అక్కడ మేక తోలును వెలుతురు దాటేంత పలచగా గీకి, రంగులు వేసి, నగలను చిన్న చిన్న చిల్లులతో చూపిస్తారు. మా పిల్లలకు కాగితం మీద కిరీటంతో ఒక తల ఇచ్చా, స్కెచ్ పెన్నుతో రంగు వేసి, వెలుతురు దాటేలా వెనక కొంచెం కొబ్బరినూనె రాసి, దబ్బనంతో చిల్లులు పొడిచి తెమ్మన్నా. ఒక అమ్మాయి తెచ్చిన దాన్ని చూసి పక్క బెంచీ వాళ్ళు ‘రంగు పలచగా ఉంది, నగలే వేయలేదు’ అన్నారు. ఆ పాప ‘కిటికీ కాడ పెట్టి చూడండప్పా’ అంది. పెట్టేసరికి కిరీటమంతా చుక్కలు చుక్కలుగా వెలిగింది. అంతకుముందు అందరూ మెచ్చుకున్న బొమ్మ, నల్ల క్రేయాన్ మందంగా రుద్దింది, అదే కిటికీలో ఒట్టి నల్ల మచ్చలా కనిపించింది. అప్పుడు ఏం చూడాలో పిల్లలే చెప్పారు, నేను బోర్డు మీద రాశానంతే: వెలుతురు దాటుతోందా, చిల్లులు ఎక్కడ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి, పక్కకు తిరిగిన ముఖంలో కన్ను సరైన చోట ఉందా.

కాబట్టి ఏ బొమ్మ ఇచ్చినా దాన్నిబట్టి రెండు మూడు ప్రశ్నలు ముందే అనుకోండి, హోంవర్క్ ఇచ్చే రోజే. ఇంకోటి, దీనికంటే ముఖ్యం, బొమ్మ పూర్తయ్యాక దిద్దించొద్దు. పెన్సిల్ గీతల్లో ఉన్నప్పుడే తెమ్మనండి. రంగు పడిపోయాక ‘చేయి పొట్టిగా ఉంది’ అంటే పిల్లోడు ఏం చేస్తాడు, బాధపడతాడు అంతే, పెన్సిల్‌లో ఉంటే రబ్బరు తీసుకుంటాడు. ఇద్దరిద్దరిని కూర్చోబెడితే ఒక్క పీరియడ్ చాలు. నియమం ఒకటే, ఏ మాట చెప్పినా బొమ్మ మీద వేలు పెట్టి చూపించి చెప్పాలి. పేర్లు దాచిపెట్టడం నేను ప్రయత్నించా, లాభం లేదు, ఎవరి గీత ఎవరిదో క్లాసులో అందరికీ తెలుసు.

పక్కవాడికి ఇచ్చే ముందు తన బొమ్మ గురించి తనే కాగితం వెనక రెండు ముక్కలు రాయాలి: ఎక్కడ ఎక్కువసార్లు చెరిపాను, ఏది మళ్ళీ వేయాలనుంది. ముందు తను రాయకపోతే పక్కవాడు చెప్పిందే తన మాట అయిపోతుంది. అక్కో అమ్మో వేసిచ్చిన బొమ్మలు కూడా ఇక్కడే తెలిసిపోతాయి, ఎక్కడ చెరిపావంటే చెప్పలేరు. అలాంటప్పుడు తిట్టకండి, అక్కడే కూర్చోబెట్టి చిన్నది ఒకటి వేయించండి.

మీ స్కూల్లో ‘పిల్లలే దిద్దాలి’ అంటున్నారన్నారు కదా. 2020 జాతీయ విద్యా విధానం ప్రోగ్రెస్ కార్డులో టీచర్ అంచనాతో పాటు విద్యార్థి సొంత అంచనా, తోటివాళ్ళ అంచనా కూడా ఉండాలంటుంది, నిజమే. పిల్లలు కాగితం వెనక రాసిన ఆ మాటలనే దాచిపెట్టి చూపించొచ్చు, అంకె వేయించాల్సిన పని లేదని నా అభిప్రాయం.

మార్కు నేనే వేస్తా, వెనక రాసింది చదివి, దాన్నిబట్టి ఏం మార్చారో చూసి. మార్చకపోయినా కారణం చెబితే చాలు. పోయినేడు ఇంట్లో మనిషి ముఖం వేయమంటే ఒక పాప వాళ్ళ అవ్వను వేసింది, పక్కనమ్మాయి ముక్కు మీద వేలు పెట్టి చాలా పెద్దదైంది, తగ్గించు అంది. రంగులేసి తెచ్చిన రోజు చూస్తే ముక్కు అట్లే ఉంది, వెనక రాసుంది: ‘మా అవ్వ ముక్కు ఇంతే ఉంటాది, మార్చను.’ ఆ పాపకు పదికి పది వేశా.