మీరడిగారు: షార్ట్‌లిస్టు దొరికింది, ఇప్పుడేం చదవాలి?

ప్రశ్న: మేడమ్, ఏటా డాగర్ అని, ఎడ్గార్ అని క్రైమ్ నవలల అవార్డులకి షార్ట్‌లిస్టులు, అంటే తుది పోటీకి ఎంచిన పుస్తకాల జాబితాలు, వస్తుంటాయి. అన్నీ చదివే టైమూ లేదు, కొనే డబ్బూ లేదు. గెలిచిన పుస్తకం ఒక్కటి చదివితే సరిపోదా? (డిగ్రీ విద్యార్థి, బ్రాడీపేట, గుంటూరు)

జవాబు: సరిపోదు బాబూ. చాలాసార్లు గెలిచేది జడ్జీలెవరికీ పెద్దగా అభ్యంతరం లేని పుస్తకమేమో అని నా అనుమానం. ఒకరికి పిచ్చిపిచ్చిగా నచ్చి ఇంకొకరికి అస్సలు మింగుడుపడనిది షార్ట్‌లిస్టు దాకా వచ్చి ఆగిపోతుంది, నాకు కావలసింది ఆ రెండో రకం. 2012 ఎడ్గార్ ఉత్తమ నవల లిస్టే చూడండి. జపాన్ రచయిత కీగో హిగాషినో రాసిన ‘ది డివోషన్ ఆఫ్ సస్పెక్ట్ ఎక్స్’ అందులో ఉంది. హత్య ఎవరు చేశారో మొదట్లోనే చూపించేస్తాడు, ఇక పక్క ఫ్లాట్‌లో ఉండే లెక్కల మాస్టారు పోలీసుల కళ్ళు ఎలా కప్పుతాడన్నదే కథంతా. ఆ ఏడాది అవార్డు మో హేడర్ అనే బ్రిటిష్ రచయిత్రికి వెళ్ళింది. హిగాషినో నవలనేమో 2023లో మనవాళ్ళు హిందీలో సినిమా కూడా తీశారు.

లిస్టు చూసేముందు అది ఎవరు తయారుచేశారో చూసుకోండి. డాగర్లు ఇచ్చేది బ్రిటన్‌లోని క్రైమ్ రైటర్స్ అసోసియేషన్, 1953లో పుట్టి 1955 నుంచి అవార్డులిస్తున్న సంఘం. ఎడ్గార్లు ఇచ్చేది మిస్టరీ రైటర్స్ ఆఫ్ అమెరికా. రెండిట్లోనూ జడ్జీలు చదివి తేలుస్తారు. ఆంథొనీ, అగాథా అవార్డులకైతే క్రైమ్ నవలల సభలకు వచ్చిన అభిమానులే ఓట్లేస్తారు, అందుకని అక్కడ అప్పటికే పేరున్నవాళ్ళకి కాస్త మొగ్గు ఉంటుందని నా లెక్క. డబ్బు ఒక్క పుస్తకానికే ఉంటే తొలి నవలల లిస్టు పట్టుకోండి, డాగర్లలో దాన్ని జాన్ క్రీసీ పేరు మీద ఇస్తారు. కొత్తగా రాసేవాళ్ళు తమకు తెలిసిందంతా మొదటి పుస్తకంలోనే కుక్కేస్తారు, అందులో కొంత అతి ఉన్నా చదువుతుంటే మజాగానే ఉంటుంది.

ఇంకో మాట, విజయవాడ వెళ్ళి లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాలు ఏరేటప్పుడు అట్ట మీద అవార్డు పేరు చూసి టెంప్ట్ అవ్వకండి. ‘గోల్డ్ డాగర్’ (డాగర్లలో ఉత్తమ నవలకి ఇచ్చేది) అని బంగారు రంగులో మెరుస్తుంటుంది, దానిపైన ‘షార్ట్‌లిస్టెడ్ ఫర్’ అని చీమ తలకాయంత అక్షరాలుంటాయి. ఒక్కోసారి ఆ అవార్డు రచయితకి వచ్చిందే అయినా వేరే పుస్తకానికి వచ్చి ఉంటుంది! ఏడాదితో కూడా జాగ్రత్త, 2021 ఎడ్గార్ అంటే 2020లో అచ్చయిన పుస్తకమని.

ప్రశ్న: ఈ లిస్టుల్లో మనవాళ్ళెవరైనా ఉన్నారా? (గృహిణి, సత్యనారాయణపురం, విజయవాడ)

జవాబు: ఎందుకు లేరమ్మా! ఇందాక చెప్పిన ఆ 2021 ఎడ్గార్ ఉత్తమ నవల గెలిచింది మన కేరళ అమ్మాయి దీపా అనప్పర. మురికివాడలో పిల్లలు ఒక్కొక్కరే మాయమవుతుంటే తొమ్మిదేళ్ళ కుర్రాడు టీవీ సీరియల్ పోలీసుల్ని చూసి నేర్చుకున్న తెలివితో వెతకడానికి బయలుదేరతాడు, మొదట నవ్విస్తుంది, తర్వాత పుస్తకం మూసి కాసేపు కూర్చోవాలి. స్కాట్లండ్‌లో పెరిగిన బెంగాలీ అబీర్ ముఖర్జీ 1919 నాటి కలకత్తా మీద రాసిన నవలకి 2017లో చారిత్రక నవలల డాగర్ వచ్చింది. తమాషా ఏంటంటే 1964లోనే బొంబాయి ఇన్‌స్పెక్టర్ ఘోటే కథకి గోల్డ్ డాగర్ ఇచ్చారు, రాసిన కీటింగ్ దొరగారు అప్పటికి ఇండియా మొహమే చూడలేదు.

ప్రశ్న: మా అమ్మకి డిటెక్టివ్ నవలలంటే ప్రాణం, రక్తపాతం మాత్రం పడదు. (తెనాలి)

జవాబు: అగాథా అవార్డుల లిస్టులు మీ అమ్మగారి కోసమే. అగాథా క్రిస్టీ తరహా కథలకి ఇస్తారు, నరుకుళ్ళు, బూతులు ఉండవు. సుజాతా మాసీ రాసిన పార్సీ లాయరమ్మ నవలతో మొదలుపెట్టించండి, 1921 నాటి బొంబాయి.

ప్రశ్న: డిటెక్టివ్ యుగంధర్ నవలల కోసం అద్దె లైబ్రరీల చుట్టూ తిరిగిన తరం మాది. తెలుగు నవల ఆ లిస్టుల్లోకి ఎందుకు రాదు? (ఇంగ్లీషు లెక్చరర్, రిటైర్డ్, అరండల్‌పేట)

జవాబు: ఇంగ్లీషులో, అదీ వాళ్ళ దేశంలో అచ్చవ్వాలి సార్, అసలు తిరకాసంతా అక్కడే ఉంది. 2005లో ఐస్‌లాండ్ రచయిత ఆర్నల్దూర్ ఇంద్రిదాసన్ అనువాద నవలతో గోల్డ్ డాగర్ పట్టుకుపోయాడు. మరుసటి ఏడాదికల్లా అనువాదాలకు విడిగా ఓ డాగర్ పెట్టి, అసలు పోటీలోంచి వాటిని తప్పించారు. పైకి గౌరవమేగానీ వేరే పంక్తి వేసి కూర్చోబెట్టడమే అది, నాకు నచ్చలేదు. అయితే దానివల్ల ఒక మేలు జరిగింది, ప్రైజులో అనువాదకులకూ వాటా వచ్చింది. ఫ్రెంచ్ రచయిత్రి ఫ్రెడ్ వర్గాస్ నాలుగుసార్లు గెలిచిందంటే ఆమెను ఇంగ్లీషులోకి తెచ్చినవాళ్ళ చలవ కూడా ఉంది. తెలుగు నుంచి ఆ పని చేసేవాళ్ళేరీ? మీరు ఇంగ్లీషు లెక్చరర్‌గా రిటైరయ్యానంటున్నారు, మరి తీరిగ్గానే ఉన్నారుగా?