తమ్ముడికి వస్తున్న ఆ మెసేజ్‌ల గురించి

అక్కా, నేవీలో ఉన్న మీ తమ్ముడిని ఫేస్‌బుక్‌లో పరిచయమైన అమ్మాయి "ఓడ ఎప్పుడు కదులుతుంది" అని పదే పదే అడుగుతోందన్నారు. ఎవరో ఆరా తీస్తున్నారనే అనుకోండి.

2019 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ పోలీసు ఇంటెలిజెన్స్ బయటపెట్టిన కేసూ ఇలాంటి స్నేహాలతోనే మొదలైంది. ఓడల కదలికలు చేరవేశారన్న ఆరోపణపై ఏడుగురు నేవీ సిబ్బంది అరెస్టయ్యారు. ఆ నెలలోనే నేవీ తన స్థావరాల్లో, ఓడల్లో స్మార్ట్‌ఫోన్లు, ఫేస్‌బుక్ నిషేధించింది.

టెన్షన్‌లో చాట్ డిలీట్ చేయనివ్వకండి. స్క్రీన్‌షాట్లు తీసుకుని తనే వెళ్లి పై అధికారికి చెప్పాలి, ఇవాళే. ఇప్పటిదాకా ఏం చెప్పాడో కూడా దాచకూడదు. ఆ అమ్మాయికి ఇక జవాబివ్వొద్దు.

అమ్మగారి వాట్సాప్ డీపీ కూడా ఓసారి చూడండి. తమ్ముడి యూనిఫాం ఫోటో వెనక ఓడ నంబరు కనబడుతుంటే తీసేయమనండి.