కంప్యూటర్ కేబినెట్‌లో ఫ్యాన్లు ఎటు తిప్పి బిగించాలి?

ప్రశ్న: చవక కేబినెట్, వెనక ఒక్క ఫ్యానే ఉంది. గేమ్ ఆడితే గ్రాఫిక్స్ కార్డు 85 డిగ్రీలు దాటుతోంది. ఇంకో రెండు ఫ్యాన్లు ఎక్కడ పెట్టాలి?
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: రెండూ ముందువైపే, గాలి లోపలికొచ్చేలా బిగించండి, ఒకటి కార్డు ఎత్తులో ఉండాలి. 120 ఎం.ఎం. సైజు చాలు, కొనేముందు స్క్రూ రంధ్రాలు చూసుకోండి. ఫ్యానుకు అడ్డకమ్మీలు, స్టిక్కరు ఉన్న వైపు నుంచి గాలి బయటికొస్తుంది. చాలామంది తిరగేసేది ఇక్కడే. వెనకది బయటికే తోయాలి. పైన ముందు మూలలో బయటికి తోసే ఫ్యాను వద్దు, చల్లగాలిని కార్డు దాకా పోనివ్వకుండా లాగేస్తుంది.

అసలు దొంగ ముందున్న అద్దం పలకేమో! దాన్ని ఊడదీసి పావుగంట ఆడి చూడండి. వేడి బాగా తగ్గితే గాలికి దారి లేదన్నమాట. అప్పుడు ఎన్ని ఫ్యాన్లు పెట్టినా దండగే. జాలీ పలక వేసుకోండి. మే నెలలో మన ఊరి గదిలో కొలిచిన అంకెను డిసెంబరు అంకెతో మాత్రం పోల్చకండి.