టౌ కణం ప్రోటాన్ కంటే బరువైనదైనా బేరియాన్ ఎందుకు కాదు?

పర్లాకిమిడి నుంచి ప్రశ్న పంపిన తమ్ముడికి,

ప్రోటాన్ ద్రవ్యరాశి దాదాపు 938 మెగా ఎలక్ట్రాన్ వోల్టులైతే టౌ కణానిది 1777 కదా, మరి దాన్ని బరువైన కణాలైన బేరియాన్లలో కాక ఎలక్ట్రాన్‌తో పాటు లెప్టాన్లలో ఎందుకు చేర్చారని మీరు అడిగారు. ఇది న్యాయమైన సందేహం. బరంపురంలో నా దగ్గర చదివే డిగ్రీ విద్యార్థులు కూడా ఇక్కడే ఆగిపోతారు, ఎందుకంటే పాత నోట్సులు కణాలను తేలిక (లెప్టాన్లు), మధ్యమం (మెసాన్లు), బరువు (బేరియాన్లు) అనే వరుసలోనే చెబుతాయి. 1975లో భౌతిక శాస్త్రవేత్త మార్టిన్ పెర్ల్ బృందం టౌ ఆనవాళ్లను ప్రకటించాక ఆ వరుస నిలబడదు.

కాబట్టి ద్రవ్యరాశిని పక్కన పెట్టి, కణంలో క్వార్కులు (ప్రోటాన్ వంటి కణాల లోపలి మూల కణాలు) ఉన్నాయా, ఉంటే ఎలా కూడాయి అన్నది చూడండి. క్వార్కులతో ఏర్పడి, వాటిని కలిపి ఉంచే ప్రబల కేంద్రక బలానికి లోబడేవి హాడ్రాన్లు. వాటిలో మూడు క్వార్కులు కూడినది బేరియాన్, ఒక క్వార్కు ఒక ప్రతిక్వార్కుతో జతపడినది మెసాన్. టౌలో క్వార్కులు లేవు, ఆ బలం దానిపై పనిచేయదు, కనుక ఎంత బరువున్నా అది లెప్టానే. అలాగే డి మెసాన్ ద్రవ్యరాశి సుమారు 1865, అంటే ప్రోటాన్‌కు దాదాపు రెట్టింపు; అయినా అది మెసానే.

పరీక్షలో మీకు నిజంగా అక్కరకు వచ్చేది బేరియాన్ సంఖ్య. బేరియాన్‌కు 1, ప్రతిబేరియాన్‌కు -1, మెసాన్లకూ లెప్టాన్లకూ 0 వేసి, క్షయ సమీకరణానికి రెండు వైపులా కూడండి; రెండు మొత్తాలూ సమానం కావాలి. బేరియాన్ అయిన లామ్డా కణం ప్రోటాన్‌గా, మెసాన్ అయిన రుణ పయాన్‌గా విడిపోతే రెండు వైపులా 1 వస్తుంది. ప్రోటాన్, ఎలక్ట్రాన్ ప్రతికణమైన పాజిట్రాన్‌గా, తటస్థ పయాన్‌గా విడిపోవడానికి శక్తి పరంగా అడ్డేమీ లేకపోయినా కుడివైపు 0 వస్తుంది, అటువంటి క్షయం ఇంతవరకు ఏ ప్రయోగంలోనూ కనబడలేదు.