ఖాళీ సీసా ఊరుకోదు

చిరంజీవి చిట్టికి,

అత్త ఆశీస్సులు. ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్‌ని ఇంట్లోంచి తరిమేస్తానని కంకణం కట్టుకున్నావట. మీ నాన్న ఫోన్‌లో నవ్వుతూ చెప్పాడు. నాకు నవ్వు రాలేదు. గర్వంగా అనిపించింది, ఆ వెంటే గుండె దడదడలాడింది కూడా.

ముందు ఒక వారం పాటు ప్లాస్టిక్ చెత్తంతా విడిగా ఒక సంచిలో వెయ్యి. వారం చివర పాత పేపరు పరిచి కవర్లు, సీసాలు, ప్యాకెట్లు, కప్పులు వేర్వేరు కుప్పలు పెట్టు. పెద్ద కుప్ప ఏదైతే అదే మొదటి నెల పని. అన్నీ ఒకేసారి పట్టుకుంటే ఒక్కటీ నిలవదు.

కవర్ల కుప్పే పెద్దదైతే వెంటనే పోయి డజను గుడ్డ సంచులు కొనుక్కురాకు. ఇంగ్లండ్ పర్యావరణ సంస్థ 2011లో లెక్క వేసి చెప్పింది: పల్చటి కవరును ఒకసారి వాడి పారేస్తే వాతావరణానికి జరిగే నష్టం కన్నా తక్కువ చేయాలంటే, నూలు సంచిని 131 సార్లైనా వాడాలి. కాబట్టి ఇంట్లో ఉన్న పాత దుప్పటి చించి నాలుగు సంచులు కుట్టుకో, చాలు. సంచి చిరిగేది గుడ్డ దగ్గర కాదు, పట్టీ అతికిన చోట. పట్టీ కొసను 5 సెం.మీ. మేర సంచి లోపలివైపు కుట్టు. నాలుగువైపులా చతురస్రంగా వేసి, మధ్యలో గుణకారం గుర్తులా అడ్డంగా రెండు కుట్లు వెయ్యి. సరుకు దించగానే సంచిని మళ్లీ గుమ్మం గడియకే తగిలించు. అందరూ తప్పేది అక్కడే. లోపల మడిచి పెట్టిన సంచి బజారుకు రాదు.

విడి సరుకు పోయించుకోవడానికి కొట్టుకు డబ్బాలు పట్టుకెళ్తే ఖాళీ బరువు అడుగున మార్కరుతో రాసి ఉంచు, తూకం దగ్గర గొడవ ఉండదు. కడిగాక పూర్తిగా ఆరనివ్వు. మూత అంచులో తడి మిగిలితే పిండి ముద్దకట్టి బూజు పడుతుంది.

ఇక నాకు నిద్ర పట్టనివ్వని సంగతి. పారేయకూడదని పట్టుబట్టేవాళ్లు ఎప్పటినుంచో చేసే తప్పు ఒకటుంది, ఖాళీ సీసాలు దాచడం. నీళ్ల సీసాలు, కూల్‌డ్రింకు సీసాలు వంటింటి గట్టు కింద పేరుకుంటాయి. ఖాళీ సీసా ఊరుకోదు, ఏదో ఒకటి అందులోకి చేరుతుంది. పెద్ద క్యాను కొంటే ప్లాస్టిక్ తక్కువ పడుతుందని ఫినాయిలో, బాత్రూం యాసిడో ఐదు లీటర్లు తెచ్చి, వాడకానికి ఆ సీసాల్లో పోసుకుంటారు. యాసిడ్ చూడటానికి నీళ్లలాగే ఉంటుందే తల్లీ! దాహమైనవాడు మూత తీసి గడగడా తాగుతాడు గానీ వాసన చూస్తాడా? ఒక్క గుక్కకే గొంతు, అన్నవాహిక కాలిపోతాయి. కిరోసిన్ అయితే వాంతిలో మళ్లీ పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఏది తాగినా వాంతి చేయించకూడదు. అది కొన్నప్పటి అసలు డబ్బా చేతపట్టుకొని ఆసుపత్రికి పరుగెత్తాలి. మింగింది ఏమిటో, ఎంత గాఢమైనదో ఆ లేబులు మీదే ఉంటుంది. అది లేకపోతే డాక్టరుకు ఏం చూపిస్తావు? పేరు లేని సీసాలో బ్లీచు అడుగున ఉండగా పైన యాసిడ్ పోశారంటే క్లోరిన్ వాయువు పుడుతుంది. మూసిన బాత్రూంలో అది ప్రాణం మీదికే తెస్తుంది.

పెద్ద క్యాను వద్దనను. చిన్నదాంట్లో పోసుకోవాలంటే అదే ఫినాయిలో, యాసిడో వచ్చిన పాత డబ్బాలో, లేబులు చెరగకుండా చూసుకుని పొయ్యి. పిల్లలకు అందని ఎత్తులో తాళం వేసి పెట్టు. తాగే సీసాలో ఒక్క చుక్క కూడా వద్దు. నీళ్ల సీసా ఖాళీ అయితే నలిపి రీసైక్లింగుకు వేసెయ్. మళ్లీ నీళ్లు పట్టుకుని తాగడానికీ అది పనికిరాదు. మూతి ఇరుకు, చెయ్యి పోదు, లోపల జిగురు పొర కడుతుంది. వేడినీళ్లు పోస్తే ముడుచుకుపోతుంది. వెడల్పు మూతి స్టీలు సీసా ఒకటి పెట్టుకో. నువ్వు తగ్గించాల్సింది ఇంట్లోకి వచ్చే ప్లాస్టిక్ తల్లీ, బయటికి పోయేది కాదు.

కాగితం కప్పు చూసి మోసపోకు. లోపల సన్నటి ప్లాస్టిక్ పొర ఉంటుంది, అది లేకపోతే నీళ్లు నిలవవు. నమ్మకపోతే ఒకటి నీళ్లలో నానబెట్టి గోటితో గీకి చూడు, పొరగా లేచి వస్తుంది. మట్టిలో కలిసిపోతుందని రాసిన పీఎల్‌ఏ (మొక్కజొన్న లాంటి పంటలతో చేసే ప్లాస్టిక్) గ్లాసులూ అంతే. అవి కుళ్లాలంటే 60 డిగ్రీల దాకా వేడెక్కే పెద్ద కంపోస్టు కేంద్రం కావాలి, పెరటి గుంట చాలదు. పొయ్యి రాజేయడానికి కవరు మాత్రం ఎప్పుడూ వాడకు. అందులో పీవీసీ అనే రకం ప్లాస్టిక్ ఉంటే డయాక్సిన్లనే విషాలు వస్తాయి, వాటిని పీల్చేది నువ్వే.

మందుల స్ట్రిప్పులు, సిరంజిలు నీ లెక్కలో వేసుకోకు. మంచం మీంచి లేవలేనివాళ్లకు వంగే ప్లాస్టిక్ స్ట్రా ఉండాల్సిందే, స్టీలుది పంటికో చిగురుకో గుచ్చుకుంటుంది. దాని మీద ఇంట్లో ఎవరితోనూ వాదన పెట్టుకోకు.

ఇట్లు,
మీ అత్త