సూదితో చేసే టెడ్డీలు: ఉద్యోగం మానే ముందు గంటల లెక్క

ప్రశ్న: మాది ఖమ్మం. నాకు 34 ఏళ్లు. ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని, నెలకి 24,000 చేతికొస్తుంది. మావారు గ్రానైట్ కంపెనీ ఆఫీసులో పనిచేస్తారు, ఆయన జీతం 28,000. ఇద్దరు పిల్లలు. ఇంటి ఖర్చు 35,000 దాకా అవుతుంది. నెలకి 5,000 చిట్టీ కడుతున్నాం, 2 లక్షల ఎఫ్‌డీ ఉంది. రెండేళ్లుగా ఉన్నిని సూదితో పొడుస్తూ రెండున్నర అంగుళాల టెడ్డీ బొమ్మలు చేసి ఇన్‌స్టాగ్రామ్‌లో అమ్ముతున్నాను. ఒక్కోటి 1,200. ఉన్ని, కళ్లు, డబ్బా, కొరియర్ అన్నీ కలిపి 300 పోను 900 మిగులుతుంది. బొమ్మకి ఫొటోలు, ప్యాకింగుతో సహా పది గంటలు పడుతుంది. నెలకి పది చేస్తున్నాను, చేయలేక కొన్ని ఆర్డర్లు వద్దంటున్నాను. స్కూలు మానేసి ఇదే చేద్దామని ఉంది. వైరా రోడ్డులో చిన్న గది, 5 కిలోల మెరినో ఉన్ని, హైదరాబాద్ నుమాయిష్‌లో స్టాలు, వీటికి 3 లక్షలు కావాలి. బ్యాంకు వాళ్లు 14 శాతానికి పర్సనల్ లోన్ ఇస్తామంటున్నారు. లోన్ తీసుకోవాలా, చిట్టీ పాడుకోవాలా? బొమ్మ మొత్తం మెరినోతోనే చేస్తాను. ఈమధ్య మణికట్టు నొప్పి మొదలైంది. డాలస్‌లో ఉన్న మా ఆడపడుచు ఎట్సీ వెబ్‌సైట్లో 45 డాలర్లకి అమ్మమంటోంది.

జవాబు: మీరు పంపిన ఫొటోలు చాలాసేపు చూశాను. ఆ గోధుమరంగు ఎలుగుబంటి ముక్కు మీద నల్లదారంతో వేసిన కుట్లు ఒకదాని పక్కన ఒకటి ఎంత ఒద్దికగా ఉన్నాయో! వేలి గోరంత చోటులో అంత శుభ్రమైన పని చేయగలిగిన చెయ్యి మీది. ఈ పనిలో మీకు భవిష్యత్తు ఉందని నమ్ముతున్నాను. అందుకే గట్టిగా చెబుతున్నాను: ఇప్పుడు స్కూలు మానొద్దు, లోన్ తీసుకోవద్దు, చిట్టీ పాడొద్దు. ముందు ధర మార్చండి.

మీ అంకెలతోనే లెక్క చూద్దాం. బొమ్మకి 900 మిగులు, పది గంటల పని. అంటే గంటకి 90 రూపాయలు. స్కూల్లో నెలకి 24 రోజులు, రోజుకి ఏడు గంటలు వేసుకుంటే 168 గంటలకి 24,000, గంటకి 140 పైచిలుకు. స్కూలు మానేసి ఆ 168 గంటలూ బొమ్మలకే పెట్టినా పదహారు బొమ్మలు అవుతాయి, 14,400 వస్తుంది. దాంట్లోంచి లోన్ వాయిదా కట్టాలి. 3 లక్షలు, 14 శాతం, మూడేళ్లు అయితే నెలకి సుమారు 10,250. జీతం స్థానంలో ఇంట్లోకి మిగిలేది 4,150. గది అద్దె ఇంకా తీయలేదు.

రాత్రి పిల్లలు పడుకున్నాక చేసే పనికి ఖరీదు కట్టే అలవాటు మన ఇళ్లలో లేదు. సరుకు 300, అమ్మింది 1,200, కాబట్టి లాభం 900 అనుకుంటాం. ఆ 900 లాభం కాదు, మీ కూలి. అదీ తక్కువ కూలి. చేయలేనన్ని ఆర్డర్లు వస్తున్నాయంటే వ్యాపారం పెద్దది చేసే సమయం వచ్చిందని మీరనుకుంటున్నారు. నాకు మాత్రం ధర తక్కువగా ఉందనే కనిపిస్తోంది.

ఈ పనిలో యంత్రం మీ చెయ్యే. సూది అంచున ఉన్న సన్నని గాట్లు ఉన్ని పోగుల్ని లోపలికి లాగి ఒకదానికొకటి పెనవేస్తాయి. ఒక్క తల గట్టిపడాలంటే వేల పోట్లు పడాలి. ఆ పోట్లు తగ్గిస్తే బొమ్మ మెత్తగా మిగిలి, నెల తిరిగేసరికి ఆకారం చెడుతుంది. అప్పు తెచ్చినా, గది తీసుకున్నా గంటకి పడే పోట్లు పెరగవు. పెట్టుబడి పెడితే ఉత్పత్తి పెరిగే వ్యాపారాలకి లోన్ పనికొస్తుంది. మీది ఆ కోవలోది కాదు.

మరి ధర ఎంత ఉండాలి? మీ గంటకి 200 వేసుకోండి. ఇది పెద్ద కోరికేమీ కాదు, పదేళ్ల అనుభవం ఉన్న టీచరు ట్యూషన్ చెబితే ఇంతకు తక్కువ తీసుకోరు. పది గంటలకి 2,000, సరుకు 300, మొత్తం 2,300. విరిగే సూదులు, పాడయ్యే బొమ్మలు, కొరియర్లో పోయేవి, ఫీజులు వీటన్నిటికీ అమ్మకం ధరలో 12 శాతం పక్కన పెడితే 2,600 దగ్గర తేలుతుంది. ఈ ధరకి నెలకి ఆరు బొమ్మలే అమ్ముడైనా అన్నీ పోను 12,000 మిగులుతాయి. ఇప్పుడు పది బొమ్మలకి వచ్చేది 9,000. అంటే ఆర్డర్లు దాదాపు సగానికి పడిపోయినా మీరు నష్టపోరు, పైగా నెలకి నలభై గంటలు మీ చేతికి, మీ పిల్లలకి మిగులుతాయి.

అదే బొమ్మని రేపటి నుంచి ఒక్కసారిగా 2,600 అంటే పాత కొనుగోలుదారులు నొచ్చుకుంటారు. రెండు రకాలు పెట్టండి. కాళ్లూ చేతులూ కదలకుండా కూర్చున్న భంగిమలో ఉండే చిన్న ఎలుగుబంటి, ఐదు గంటల్లో అయ్యేది, 1,400కి. కాళ్లూ చేతులూ కదిలేది, అడిగిన రంగులో, అడిగిన పేరు చిన్న ట్యాగు మీద కుట్టి ఇచ్చేది 2,600కి. రెండో రకానికి సగం డబ్బు ముందు తీసుకోకుండా ఉన్ని ముట్టుకోవద్దు. ‘మనింటి పిల్ల కోసమే కదా’ అని అడిగే చుట్టాలకి కూడా ఏడాదికి ఇన్ని బొమ్మలు కానుకగా ఇస్తానని మీలో మీరు ఒక లెక్క పెట్టుకోండి. అది దాటితే ధర చెప్పండి. చుట్టరికం ఎక్కడికీ పోదు.

గంటలు తగ్గించే దారులూ ఉన్నాయి. బొమ్మ మొత్తం మెరినోతో చేస్తున్నట్టు రాశారు. మెరినో మెత్తగా, దువ్విన జుట్టులా ఉంటుంది కాబట్టి గట్టిపడటానికి ఎక్కువసేపు పడుతుంది. లోపలి ఉండకి ముతక ఉన్ని వాడి, పైన పలచగా మెరినో కప్పితే సమయమూ తగ్గుతుంది, ఖర్చూ తగ్గుతుంది. మొదట 36 నంబరు సూది, మూడు నాలుగు సూదులు పట్టే పిడితో అయితే ఇంకా మంచిది. తర్వాత 38, ఆఖరి నునుపుకి 40. మన తెలంగాణలో కురుమలు గొంగడి నేసే దక్కనీ గొర్రె ఉన్ని ముతకదే, కడిగి ఏకించుకుంటే లోపలి ఉండకి పనికొస్తుంది. అయితే ఎక్కువగా నల్లగా ఉంటుంది, తెల్ల బొమ్మ లోపల పెడితే నల్ల పోగులు పైకి పొడుచుకొస్తాయి. ముదురురంగు ఎలుగుబంట్లలో వాడి చూడండి. గొంగడి ఉన్నితో చేసిన టెడ్డీ అని చెప్పుకోగలగడం నాకైతే చాలా గొప్పగా తోస్తుంది.

5 కిలోల మెరినో మాట మర్చిపోండి. బొమ్మకి 15 గ్రాములు అనుకుంటే అది 330 బొమ్మల సరుకు. నెలకి పది చేసినా దాదాపు మూడేళ్లు పడుతుంది. ఈలోగా ఉన్ని పురుగు పడితే మీ డబ్బంతా జల్లెడైపోతుంది. మూడు నెలలకి సరిపడా కొనండి, గాలి చొరని డబ్బాలో పెట్టండి.

నుమాయిష్ కూడా వద్దు. జనవరి 1న మొదలై ఫిబ్రవరి దాకా, నెలన్నర సాగే ఎగ్జిబిషన్ అది. రోజుకి రెండు బొమ్మలు అమ్ముడైనా తొంభై బొమ్మలు ముందే చేసి పెట్టుకోవాలి, అంటే 900 గంటలు. పైగా నాంపల్లిలో అన్నాళ్లు కూర్చునేది ఎవరు? మీకు సరిపడేవి శని, ఆదివారాల్లో జరిగే చిన్న చేతిపనుల సంతలు. పది బొమ్మలు పట్టుకెళ్లి ఆర్డర్లు రాసుకుని రండి.

మీకు అన్నిటికన్నా బాగా కలిసొచ్చే దారి వేరే ఉంది, దాని గురించి మీరు ఒక్క ముక్క కూడా రాయలేదు. మీరు టీచరు. పెద్దవాళ్లకి ఒక ఆదివారం మూడు గంటల క్లాసు పెట్టండి. ఎనిమిది మంది, మనిషికి 800 అయితే 6,400. సరుకు మనిషికి 250 చొప్పున 2,000, హాలుకి 1,000 పోనూ 3,400 మిగులుతుంది. తయారీతో కలిపి ఆరు గంటల పనికి గంటకి 560 పైన. ఏ బొమ్మా ఇంత ఇవ్వదు. వచ్చినవాళ్లకి ఉన్ని, రెండు సూదులు, స్పాంజి దిమ్మ పెట్టిన డబ్బా అమ్మితే అదనం. సూదులు పదునుగా ఉంటాయి, వంచితే పుటుక్కున విరుగుతాయి, కాబట్టి చిన్నపిల్లల్ని మాత్రం ఈ క్లాసుకి తీసుకోవద్దు.

ఇక నిబంధనలు. ముఖ్యమైనది ముందు చెబుతాను. 14 ఏళ్లలోపు పిల్లలు ఆడుకోవడానికి చేసిన బొమ్మలకి 2021 జనవరి 1 నుంచి బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) నాణ్యతా ముద్ర తప్పనిసరి. కేంద్ర చేతివృత్తుల అభివృద్ధి కమిషనర్ దగ్గర నమోదైన కళాకారులు తాము చేసి అమ్మే వాటికి మినహాయింపు ఉంది. ఆ గుర్తింపు కార్డుకి దరఖాస్తు చేయండి, మీ పనిని ఏ వృత్తి కింద రాస్తారో ముందే అడిగి తెలుసుకోండి. అప్పటిదాకా మీ బొమ్మల్ని పెద్దవాళ్లు షోకేసులో పెట్టుకునే వస్తువులుగానే అమ్మండి. ‘బారసాలకి ముద్దుల టెడ్డీ’ అని ఒక పోస్టులో రాశారు, దాన్ని ఇవాళే తీసేయండి. ఆ గాజు కళ్లు ఊడితే పసిపిల్లల గొంతులో పడతాయి. చట్టం లేకపోయినా ఈ మాట చెప్పేదాన్ని.

జీఎస్‌టీ విషయంలో మీరుండే చోటు వల్ల ఒక చిక్కుంది. తెలంగాణ లోపల వస్తువులు అమ్మితే ఏడాదికి 20 లక్షల దాకా నమోదు అక్కర్లేదు, మీరు ఆ దరిదాపుల్లో లేరు. కానీ వస్తువు రాష్ట్రం దాటితే మామూలుగా ఆ పరిమితి వర్తించదు, మొదటి అమ్మకం నుంచే నమోదు కావాలి. ఖమ్మం నుంచి హైదరాబాద్ కన్నా విజయవాడ దగ్గర, అయినా విజయవాడ పార్శిలు రాష్ట్రం దాటినట్టే. చేతితో చేసిన కొన్ని రకాల వస్తువులకి ఇందులోనూ సడలింపు ఉంది. మీ బొమ్మ ఆ జాబితాలోకి వస్తుందో లేదో ఆడిటరు చేత రాతపూర్వకంగా తేల్చుకోండి. ఆ ఫీజు దండగ కాదు.

ఆదాయపు పన్ను గురించి బెంగ వద్దు. కొత్త విధానంలో 4 లక్షల దాకా పన్నే లేదు, 12 లక్షల దాకా ఆదాయానికి రిబేటు ఉంది. అయినా రిటర్ను వేయండి, బొమ్మల ఆదాయం చూపించండి. రేపు నిజంగా లోన్ కావాల్సి వస్తే బ్యాంకు అడిగేది అదే. దానికోసం బొమ్మల డబ్బుకి విడిగా ఒక సేవింగ్స్ ఖాతా తెరిచి, యూపీఐ అంతా అందులోకే వచ్చేలా చూడండి. చిన్న వ్యాపారాలకి ఉండే ఉద్యం నమోదు కూడా చేసుకోండి, ప్రభుత్వ పోర్టల్లో అది పూర్తిగా ఉచితం, డబ్బడిగే సైట్ల జోలికి వెళ్లొద్దు. పీఎం విశ్వకర్మ పథకంలో బొమ్మల తయారీదారులకి 5 శాతం వడ్డీకే రుణం ఉన్నమాట నిజమే గానీ, అది కుటుంబంలో తరతరాలుగా వస్తున్న సంప్రదాయ వృత్తులవారి కోసం. ఇప్పిస్తామనే ఏజెంట్లకి పైసా ఇవ్వకండి.

డాలస్‌లో ఉన్న మీ ఆడపడుచు ఎట్సీలో 45 డాలర్లకి అమ్మమంటున్నారని చివర్లో రాశారు. మంచి ఆలోచనే, కానీ ఆరు నెలల తర్వాత. అక్కడ ఒక్కో వస్తువు పెట్టడానికి 20 సెంట్లు, అమ్ముడైతే పోస్టేజీతో కలిపిన ధర మీద 6.5 శాతం, డబ్బు చేతికొచ్చేటప్పుడు ఇంకొంత పోతుంది. ఎగుమతికి ఐఈసీ కోడ్ (ఎగుమతి, దిగుమతులు చేసేవాళ్లకిచ్చే నంబరు) కావాలి, దాని ఫీజు 500. పైగా 2025 ఆగస్టు 29 నుంచి అమెరికా చిన్న పార్శిళ్లకి సుంకం మినహాయింపు ఎత్తేసింది. ఆ సుంకం ఎవరు కడతారో స్పష్టంగా రాయకుండా అమ్మితే పార్శిలు వెనక్కి రావచ్చు, అప్పుడు పోస్టేజీ మీకే పడుతుంది.

ఇంటి సంగతికొస్తే, 35,000 ఖర్చుకి ఆరు నెలల నిల్వ అంటే 2,10,000. మీ ఎఫ్‌డీ దాదాపు దానికే సరిపోతుంది, దాన్ని కదపొద్దు. చిట్టీని మధ్యలో పాడితే పాటలో పెద్ద మొత్తం వదులుకోవాలి, మిగిలిన వాయిదాలు ఎలాగూ కట్టాలి. ఆఖరిదాకా ఉంచి ఎత్తుకోండి. మీ ఉత్తరంలో ఆరోగ్య బీమా ఊసే లేదు. మీ ఇద్దరి జీతాలూ 21,000 దాటాయి కాబట్టి ఈఎస్ఐ ఉండదు. బొమ్మల డబ్బుతో ముందు కొనాల్సింది కుటుంబానికంతటికీ ఒక పాలసీ. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా మీద జీఎస్‌టీ లేదు. మణికట్టు నొప్పి మొదలైందని రాశారు కదా, డాక్టరుకి చూపించి, పాలసీ ఫారంలో కూడా ఆ మాట దాచకుండా రాయండి.

స్కూలు మానే రోజు ఎప్పుడొస్తుందంటే, కొత్త ధరకి నెలకి పన్నెండు బొమ్మల ఆర్డర్లు వరుసగా ఆరు నెలలు వచ్చినప్పుడు. పన్నెండు బొమ్మలంటే 24,000, మీ జీతం. 120 గంటల పని కాబట్టి క్లాసులకీ సమయం మిగులుతుంది. ఈ ఆరు నెలల్లో ప్రతి బొమ్మకీ ఎన్ని గంటలు పట్టిందో, ఎవరు కొన్నారో, ధర విని ఎవరు వెనక్కి తగ్గారో ఒక నోటు పుస్తకంలో రాయండి. వేసవి సెలవులకి ముందు ఆ పుస్తకం ఫొటోలు నాకు పంపండి. రాజీనామా సంగతి అప్పుడు ఆ అంకెలు చూసి మాట్లాడుకుందాం.