బ్యాడ్జీల రంగు నిలవాలంటే

విజయనగరం

చిరంజీవి అల్లుడికి మేనమామ ఆశీస్సులు.

నీవు ఇన్నేళ్లుగా కూడబెట్టిన కుట్టుపని బ్యాడ్జీలన్నిటినీ అద్దాల ఫ్రేములో బిగించి హాలు గోడకు వేలాడదీయబోతున్నావని అక్క ఫోనులో చెప్పింది. మేకు కొట్టే ముందు ఈ ఉత్తరం ఒకసారి చదువు.

నా చిన్ననాటి స్కౌటు బ్యాడ్జీలకు నేనూ ఇలాగే ఫ్రేము కట్టించి తూర్పు వసారాలో పెట్టాను. అద్దం ఉండగా ఎండ ఏమీ చేయదని దుకాణదారు అంటే నమ్మాను. ఆరేళ్ల తరువాత గోడలకు సున్నం వేయిస్తూ దానిని దింపి, వెనక అట్ట విప్పి చూస్తే, ముందువైపు పాత ఇటుకలా వెలిసిన దారం వెనకవైపు దానిమ్మ గింజలా ఎర్రగా ఉంది. ఫ్రేము అంచు కింద దాగిన సన్నని గీత మేర మాత్రం ముందువైపు కూడా అసలు రంగు మిగిలింది. ఆ పూట నాకు అన్నం సహించలేదు. మీ అత్త ఇప్పటికీ దెప్పుతూనే ఉంటుంది.

మామూలు కిటికీ అద్దం అతినీలలోహిత కిరణాలలో కొంత భాగాన్నే ఆపుతుంది, మిగిలినవి లోపలికి వస్తాయి. వాటిని ఆపే ఫిల్ము అంటించినా నష్టం నెమ్మదిస్తుందే గాని ఆగదు, ఎందుకంటే కంటికి కనిపించే వెలుతురు కూడా అద్దకపు రంగును విరగ్గొడుతుంది. పైగా ఆ నష్టం రోజురోజుకూ కలిసిపోతూ ఉంటుంది, పోయిన రంగు తిరిగి రాదు. మ్యూజియాలలో బట్టల మీద పడే వెలుతురును సాధారణంగా 50 లక్స్ దగ్గర ఉంచుతారు, లక్స్ అంటే వెలుతురును కొలిచే ప్రమాణం. రోజుకు 8 గంటల చొప్పున ఏడాదంతా అలా ప్రదర్శిస్తే మొత్తం 1,46,000 లక్స్-గంటలు అవుతుంది. మిట్టమధ్యాహ్నపు ఎండ దాదాపు లక్ష లక్స్ కనుక, మ్యూజియంలో ఏడాది పట్టే వెలుతురు మన వాకిట్లో గంటన్నరలో పడిపోతుందన్నమాట.

అన్ని దారాలూ ఒకేలా వెలియవు. ఈ మధ్య వచ్చే పాలిస్టర్ దారం చాలావరకు తట్టుకుంటుంది గాని, పాత బ్యాడ్జీలలోని రేయాన్, నూలు దారాలను అంతగా నమ్మలేము. అనుమానముంటే బ్యాడ్జీ మీద ప్రయోగం చేయకు. టైలరు దగ్గర అలాంటి దారాలు నాలుగు రంగులవి తెచ్చి అట్టకు చుట్టి, సగం మేర దళసరి కాగితంతో కప్పి, నీవు ఫ్రేము పెట్టాలనుకున్న గోడకే మూడు నెలలు తగిలించు. కాగితం తీశాక రెండు సగాలకూ తేడా కనిపిస్తే ఆ గోడ పనికిరాదు.

అసలైనవాటిని చీకట్లోనే ఉంచడం మేలు. పొందూరు ఖద్దరులో రంగు అద్దని ముక్క తీసుకుని, గంజి పోయేలా రెండుసార్లు ఉతికి, బాగా ఆరనిచ్చి, బ్యాడ్జీల మధ్య పొరలుగా పరిచి బీరువా సొరుగులో పెట్టు. తేమ ఉంటే రంగు మరింత త్వరగా వెలుస్తుంది, బూజూ పడుతుంది. మీ శ్రీకాకుళంలో సముద్రపు గాలి సంగతి నీకు తెలిసినదే కనుక బీరువాను తడి గోడకు ఆనించకు. మెత్తని పీవీసీ కవర్లు, లామినేషన్, ఇనుప పిన్నులు వద్దు. వార్తాపత్రిక అసలే వద్దు, దాని ఆమ్లం జరీని, బట్టను కూడా పాడుచేస్తుంది.

నలుగురికీ చూపాలన్న కోరిక తప్పు కాదు. కిటికీకి ఎదురుగా లేని లోపలి గోడ చూసుకుని, ఒక్కో విడతకు ఐదారు మాత్రమే పెట్టి, మూడు నెలలకొకసారి మార్చు. ట్యూబులైటు బదులు చిన్న ఎల్‌ఈడీ బల్బు వేసి, గదిలో ఎవరూ లేనప్పుడు ఆర్పెయ్యి. అన్నిటికన్నా అపురూపమైన వాటికి మాత్రం ఇప్పుడే, రంగు ఉండగానే, నీడ పట్టున ఫొటోలు తీసి ఆ ప్రింట్లకే ఫ్రేము కట్టించు. ప్రింటు వెలిస్తే ఇంకొకటి వేయించుకోవచ్చు.

సిరిమాను సంబరానికి వచ్చేటప్పుడు నీ పాత బ్యాడ్జీలు రెండు మూడు ఖద్దరులో చుట్టి తీసుకురా. వెనకవైపు కుట్టు చూసి ఏది ఎంత వెలిసిందో చెబుతాను, నా ఎర్ర బ్యాడ్జీని కూడా పక్కన పెట్టి చూపిస్తాను.

ఇట్లు,
మీ మావయ్య